పిచ్చుకగూళ్లు మొదలు ప్లాస్టిక్ ఇటుకల వరకు

తెలుగు పిల్లలు ఆటలో ఇల్లు కట్టుకొనుటకు మన భాషలో ఉన్న పేర్లు ఒకటి రెండు కావు. తడియిసుకలో పాదముంచి, దానిపై ఇసుక కప్పి, అరచేతితో తట్టి, పాదమును మెల్లగా వెనుకకు తీసికొనగా నిలిచిన చిన్న గుహ పిచ్చుకగూడు. పుల్లలు, పెంకులు, ఆకులు, చింతగింజలు చేర్చి బొమ్మలకొరకు అమర్చిన కాపురము బొమ్మరిల్లు. ఆ యింటిలో వండినట్లు వండి, వడ్డించినట్లు వడ్డించు విందు గుజ్జనగూళ్లు. పెద్దల పేక చేతికి దొరికిన మధ్యాహ్నము ముక్కకు ముక్క ఆనించి, ఊపిరి బిగబట్టి లేపినది పేకమేడ. కానీ ఖర్చు లేకుండ కట్టిన ఈ యిండ్లే మన జాతి తొలి ఇటుకలాటలు.

ఈ మాటలు పిల్లలయొద్దనే ఆగలేదు. పెద్దల పలుకుబడిలోనికిని ఎక్కినవి. పునాది లేని ఆలోచనను పేకమేడ యందుము. ఆలుమగల చక్కని కాపురమును బొమ్మరిల్లనుచుందుము. ఒక జాతి తన పెద్దల మాటలలో పిల్లల ఆటను ఇంత భద్రముగా దాచుకొన్నదన్నచో, ఆ ఆటను చులకనగా చూడరాదని గ్రహింపవలెను.

నేడు రాయపూరులోని మన ఉద్యోగుల నివాసములలో అనేక గృహములందు ఒక మూల రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకల పెట్టె కనబడుచున్నది. దానిని చూచి నావంటి వయసు మీరినవారు, “మా కాలమున ఇవి యెక్కడివి? కొయ్యముక్కలతో ఆడుకొంటిమి, అందులో ఉన్న సుఖము ఇందులో లేదు” అని నిట్టూర్చుట కద్దు. నిట్టూర్పు చరిత్ర కాజాలదు. నాటి ఆటలో నిజముగా గొప్పది ఏది, నేటి ఆటలో నిజముగా లోపించినది ఏది అని విడదీసి చూచిననే గాని, మన పిల్లల చేతికి ఏమి ఇయ్యవలెనో తేలదు. ఆ విచారణకై ఇటుకలాట చరిత్రను ఒకసారి తిరుగవేయుదము.

మన ప్రాచీన వాఙ్మయమున పిల్లల ఆటలకు లోటు లేదు. పాల్కురికి సోమనాథుని కృతులలో ఆనాటి ఆటల పేర్లు వరుసలు వరుసలుగా కనబడును. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములతోపాటు ప్రజల తిండి, బట్ట, ఆటపాటలను గూడ చరిత్రగా ఎంచి, కావ్యములనుండి వానిని ఏరి కూర్చిరి. ఆట కూడ చరిత్రకు తగిన విషయమే యని మనకు తెలియజెప్పిన మహనీయులలో వారొకరు.

పాత బొమ్మ, కొత్త బొమ్మ అను తగవు కూడ నేటిది కాదు. శూద్రకుని ‘మృచ్ఛకటికము’ను తలచుకొనుడు. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో ఆడుకొని, అది తిరిగి పోయినపిదప, తనకిచ్చిన మట్టిబండి వలదని ఏడ్చును. వసంతసేన ఆ యేడుపు చూడజాలక తన నగలు తీసి, బంగారు బండి చేయించుకొమ్మని యిచ్చును. తరువాత ఆ నగలే చారుదత్తునిపై నేరారోపణకు సాక్ష్యములగును. పొరుగింటి బొమ్మను చూచి మన పిల్లవాడు మారాము చేయుట, పెద్దలు కరగిపోవుట, పిదప చిక్కులు పడుట – ఇవి యన్నియు ఆనాటినుండియు ఉన్నవే. ఆ నాటకమునకు పేరు మాత్రము బంగారు బండిమీదుగా గాక మట్టిబండిమీదుగా వచ్చినది.

ఇక ఇటుక సంగతి. సింధునదీ నాగరికతకు చెందిన హరప్పా, మొహెంజొదారో పట్టణముల త్రవ్వకములలో మట్టిబండ్లు, మట్టిజంతువులు మొదలగు ఆటవస్తువులు దొరికినవి. ఆ పట్టణముల గోడల ఇటుకలలో పండితులను ఆశ్చర్యపరచిన విశేషమొకటి కలదు. వాని మందము, వెడల్పు, పొడవు 1:2:4 పాళ్లలో ఉండును. అనగా వెడల్పు మందమునకు రెట్టింపు, పొడవు వెడల్పునకు రెట్టింపు. ఈ పాళ్లలో గొప్ప సౌలభ్యమున్నది. రెండిటుకలను ప్రక్కప్రక్కన అడ్డముగా పేర్చినచో ఒక ఇటుక పొడవు సరిపోవును. రెండిటిని ఒకదానిపై నొకటి పెట్టినచో ఒక ఇటుక వెడల్పు సరిపోవును. కావున ఎటు త్రిప్పి పెట్టినను వరుస కుదురును, మూల తిరుగును, అతుకుమీద అతుకు రాకుండ పై వరుసను జరుపవచ్చును. తాపీమేస్త్రి శిష్యునికి మొదట నేర్పు సూత్రము ఇదియే.

ఇప్పుడు నాలుగువేల యేండ్లకు పైబడి ముందుకు, జర్మనీ దేశమునకు వత్తము. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అను విద్యావేత్త 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను ఊరిలో పసిపిల్లలకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని నామకరణము చేసెను. ‘పిల్లల తోట’ యని ఆ మాటకు అర్థము. ఆయన పిల్లలకు వరుసక్రమమున ఇచ్చిన ఆటవస్తువులను ‘కానుక’లనిరి. వానిలో మూడవ కానుక రెండంగుళముల కొయ్యఘనము. అది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవును. నాలుగవ కానుకయు అంతే ఘనము. కాని అది ఎనిమిది పలుచని ఇటుకలుగా విడిపోవును. ఒక్కొక్క ఇటుక పొడవు రెండంగుళములు, వెడల్పు ఒక అంగుళము, మందము అర అంగుళము. పాఠకులు లెక్క వేసి చూతురుగాక! అది 1:2:4 పాళ్లే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున న్యూయార్కు నగరమున కారొలైన్ ప్రాట్ అను ఉపాధ్యాయిని రూపొందించిన కొయ్యదిమ్మలును అవే పాళ్లలో ఉన్నవి. నేటికిని శిశుపాఠశాలలలో అవి వాడుకలో నున్నవి. హరప్పా మేస్త్రిని జర్మనీ గురువుగాని, అమెరికా ఉపాధ్యాయినిగాని ఎరుగరు. అయినను మంచి ఇటుక ఎట్లుండవలెనో ముగ్గురికిని ఆ యిటుకయే చెప్పినది.

ఫ్రోబెల్ జీవితాంతమున ఒక విషాదము కలదు. 1851లో ప్రష్యా ప్రభుత్వము కిండర్‌గార్టెన్ పాఠశాలలను నిషేధించెను. మరుసటి యేట ఆయన కన్నుమూసెను. 1860లో గాని నిషేధము తొలగలేదు.  1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనమున ఒక తల్లి ఫ్రోబెల్ కానుకలను చూచి తన కొడుకునకు కొని యిచ్చెను. ఆ బాలుడే తరువాత లోకప్రసిద్ధి గాంచిన వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ కొయ్యముక్కల స్పర్శ తన వ్రేళ్లలో చివరిదాక నిలిచియున్నదని ఆయన స్వీయచరిత్రమున చెప్పుకొనెను. ఆయన కుమారుడు జాన్, దుంగలను పోలిన కొయ్యపుల్లలతో ఇండ్లు కట్టు ‘లింకన్ లాగ్స్’ అను ఆటవస్తువును కనిపెట్టెను.

ఈ కథను దూరదేశములకే వదలనక్కరలేదు. మన రాయపూరునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, మహానది తీరమున, సిర్పూరు కలదు. అచ్చటి లక్ష్మణాలయము ఏడవ శతాబ్దపు ఇటుక కట్టడము. పాండువంశపు రాజు హర్షగుప్తుని స్మృత్యర్థము ఆయన పత్ని వాసటాదేవి దానిని కట్టించెను. ఆమె కుమారుడు మహాశివగుప్త బాలార్జునుడు. ద్వారము రాతితో చేసినది. తక్కిన శిఖరమంతయు కాల్చిన ఇటుక. ఆ యిటుకలమీదనే గవాక్షములు, లతలు చెక్కియుండుట చూచినవారికి, ఇది మట్టియా, రాయియా అను భ్రమ కలుగును. మన తెలుగునాట పాలంపేటలో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి శిఖరపు ఇటుకలు నీటిపై తేలునంత తేలికయైనవి. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికకెక్కినది. పిల్లలను సిర్పూరునకు తీసికొనిపోవు తల్లిదండ్రులు ఒక్క పని చేయుదురుగాక! గోడదగ్గర నిలిపి, “అతుకుమీద అతుకు ఎక్కడనైన వచ్చినదేమో వెదకు” డని చెప్పుడు. ఇంటిలోని ఆటవస్తువునకును, పదమూడు వందల యేండ్లు దాటిన గుడికిని ఉన్న చుట్టరికము వారికి తెలియును.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఇటుకలాట కర్మాగారములలోనికి వచ్చెను. గాలిలో ఎగురు యత్నములకు పేరొందిన ఒట్టో లీలియెంథాల్, అతని తమ్ముడు గుస్తావ్, ఇసుకపొడి, సుద్ద, అవిసెనూనె కలిపి రాతివంటి చిన్న దిమ్మలు చేసిరి. వాని హక్కును రిక్టర్ అను వర్తకుడు కొని, ‘లంగరు’ గుర్తుతో లోకమంతట అమ్మెను. ఎర్రని ఇటుక, పసుపుపచ్చని ఇసుకరాయి, నీలపు పలకరాయి – ఈ మూడిటిని తలపించు రంగులు వానివి. 1901లో ఇంగ్లండు దేశమున లివర్‌పూల్ నివాసి ఫ్రాంక్ హార్న్‌బీ, రంధ్రములుగల లోహపు పట్టీలను మరలతో బిగించు ఆటకు హక్కు పొందెను. అదియే తరువాత ‘మెకానో’ అయినది. మన దేశమునను కలవారి యిండ్లకు అది చేరినది. గుమాస్తా కొడుకునకు అది దుకాణపు అద్దములో చూచుటకే గాని ఇంటికి తెచ్చుకొనుటకు కాదు.

డెన్మార్కులోని బిల్లుండ్ గ్రామమున ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించెను. ‘బాగుగా ఆడుము’ అని యర్థమిచ్చు రెండు డేనిష్ మాటలను కలిపి తన వస్తువులకు ‘లెగో’ అని పేరిడెను. 1947లో ఇంగ్లండున హిలరీ పేజ్ అనునతడు చేసిన ప్లాస్టిక్ ఇటుకల నమూనాను అనుసరించి, 1949లో లెగోవారును ప్లాస్టిక్ ఇటుకలు చేసిరి. మొదట అవి గట్టిగా పట్టుకొనెడివి కావు. ఓలె కిర్క్ కుమారుడు గాట్‌ఫ్రెడ్, ఇటుక కడుపులో చిన్న గొట్టములు అమర్చి, 1958 జనవరి 28న ఆ పద్ధతికి హక్కు కోరెను. పై బుడిపెలు క్రింది గొట్టములనడుమ ఒదిగి కరచుకొనును. పిల్లవాడు లాగినపుడు వదలును. పట్టుటయు వదలుటయు రెండును కుదిరిన ఆ చిన్న ఉపాయమే నేటి ఆటలన్నిటికి మూలము. 1958నాటి ఇటుక నేటి ఇటుకతో సరిగా కూడునట్లు ఆ సంస్థవారు కొలతను కాపాడుకొనుచు వచ్చిరి. ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఉన్నచో వానిని 91,51,03,765 విధముల కలుపవచ్చునని కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయపు గణితాచార్యుడొకడు యంత్రగణకముతో లెక్కించి చెప్పెను.

కొయ్యదిమ్మలతో బోధించుట మన దేశమున వ్యాపించుటకు మరియ మాంటిస్సొరీ అమ్మగారు ముఖ్యకారణము. ఆమె 1939లో చెన్నపట్టణపు అడయారునకు వచ్చి, ప్రపంచయుద్ధకాలమంతయు మన దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు పెరుగు పది గులాబీరంగు ఘనములతో ఆమె కట్టించు గోపురము నేటికిని బాలవిద్యాలయములలో కానవచ్చును.

ఇట్టి దిమ్మలు కొనువారు కొందరే. తక్కినవారు దొరికినవానితో ఆడుకొనిరి. 1931లో రాయపూరు–విజయనగరము రైలుమార్గము పూర్తియైన పిమ్మట, కళింగసీమ తెలుగువారు పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఈ ప్రాంతమునకు సులభముగా రాజొచ్చిరి. రైల్వేలు, తపాలా, లెక్కల శాఖలు, తరువాత భిలాయి ఉక్కు కర్మాగారము – ఏ యుద్యోగమున చేరినను, ట్రంకుపెట్టెలో ఒక మూల లక్కపిడతలకు చోటుండెడిది. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడుకొయ్యను తరిమిణపట్టి, లక్కరంగు పూసి చేయు ఆ బొమ్మలు, కొండపల్లిలో తెల్లపొణికి కొయ్యతో చేయు బొమ్మలు, మన పిల్లలకు సొంత ఊరి చిరునామాలు.

మా బాల్యమున ఇటుకలాటకు వడ్రంగి పనిచోటు కొలువైన అంగడి. తలుపులు, బల్లలు చేయగా మిగిలిన తుంటలను అడిగి తెచ్చుకొని, ఉప్పుకాగితముతో రుద్ది, గోనెసంచిలో పోసికొనెడివారము. అగ్గిపెట్టెలు గదులు, దారపు రీళ్లు స్తంభములు, విరిగిన పలక ఇంటికప్పు. ఏ రెండు ముక్కలును ఒక కొలతలో ఉండెడివి కావు. ఆ లోపమే మాకు గురువైనది. ఏది ఎక్కడ ఇముడునో చేతితో తూచి, కంటితో కొలిచి, మాటిమాటికి పడగొట్టుకొని నేర్చితిమి. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టునప్పుడు పెట్టెలమీద పెట్టెలు పేర్చి మెట్లు కట్టుట, ఇసుకతో కొండ పోయుట, మెంతులు మొలిపించి పైరు చూపుట – ఇవన్నియు ఆ ఆటకు పండుగ రూపములు.

ఛత్తీస్‌గఢ్ ప్రజలకును ఇట్టి పండుగ కలదు. పోలా నాడు మగపిల్లలకు చక్రములమీద నడచు మట్టియెద్దు, ‘నాందియా బైలా’, ఇత్తురు. ఆడపిల్లలకు మట్టి తిరుగలి, పొయ్యి, గిన్నెలు ఇత్తురు. రాయపూరు వీధులలో ఆ రోజులకు ముందు ఇవి కుప్పలుగా అమ్మకమునకు వచ్చును. వీరి లెక్కలో అది భాద్రపద అమావాస్య. మన లెక్కలో శ్రావణ అమావాస్య. సరిగా ఆ దినముననే మన కోస్తా జిల్లాల తల్లులు కందమొక్కను పెట్టి, బిడ్డల క్షేమముకొరకు పోలేరమ్మను కొలుచు పోలాల అమావాస్య వచ్చును. పేరులోను, తిథిలోను, పిల్లలమీది ప్రేమలోను ఇంత దగ్గరగా నున్న ఈ రెండు పండుగలను ఇరుగుపొరుగువారితో కలిసి చేసికొన్న తెలుగు గృహిణికి పరాయి ఊరను భావము ఎట్లు నిలుచును?

ఇంతవరకు పూర్వకథ. ఇక తూచి చూతము.

కొయ్యదిమ్మకు బరువే మేస్త్రి. తప్పుగా పెట్టినచో పడును. ఎందుకు పడినదో ఎవ్వరును చెప్పనక్కరలేదు. వెడల్పు క్రింద, సన్నము పైన. అతుకుమీద అతుకు రాగూడదు. కమాను కట్టవలెనన్న రెండు ప్రక్కల ఆధారము వలయును – ఈ సూత్రములు గ్రంథములలో చదువకమునుపే చేతికి వచ్చును. ప్లాస్టిక్ ఇటుక కరచుకొని నిలుచును. తప్పుగా పెట్టినను చాలవరకు పడదు. అందుచే పిల్లవాడు సాహసించి గోడనుండి బయటికి చూరు దింపగలడు, వంతెన చాపగలడు, విమానము చేసి చేతబట్టి పరుగెత్తగలడు. కొయ్యదిమ్మలతో కట్టిన విమానము నేలవిడువదు. కావున ఒకటి నిలుకడను నేర్పును, ఒకటి కూర్పును నేర్పును. రెండును విద్యలే.

రంగుల విషయమున, భద్రత విషయమున పాతదియే మేలని చెప్పజాలము. ఒకప్పటి బొమ్మల రంగులలో సీసము కలియుట కద్దు. ఏటికొప్పాకలో సి.వి. రాజుగారు ప్రకృతిసిద్ధమైన రంగులను తిరిగి వాడుకలోనికి తెచ్చి, 2023లో పద్మశ్రీ గౌరవము పొందిరి. 2021 జనవరి 1 నుండి మన దేశమున బొమ్మలకు భారతీయ ప్రమాణముల సంస్థ ముద్ర తప్పనిసరి యైనది. నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు కలదు. విదేశపు బొమ్మలపై సుంకమును 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని పెంచిరి. ఈ కారణమున స్వదేశపు ఇటుకలు పెరిగినవి. విదేశపు పెట్టె వెల చూచినచో నేటి గుమాస్తాకును పాత మెకానో సామెతయే.

మరి నిజముగా తగ్గినది ఏది? 1964 ప్రాంతమున ఇటుకల పెట్టెలలో ఎట్లు కట్టవలెనో చూపు పటములు రాసాగినవి. క్రమముగా పెట్టెమీది బొమ్మయే గమ్యమైనది. పిల్లవాడు పుటలు త్రిప్పి, అంకెలు చూచి, చెప్పినట్లు కట్టి, అల్మారాలో నిలిపి, ఇక ముట్టుకొనడు. తల్లియు ముట్టనీయదు, ఒక్క ముక్క పోయిన పటము చెడునని భయము. ఇల్లు కట్టుట ముగిసినది. ఆట మొదలు కాలేదు! పిచ్చుకగూటి ధర్మము దీనికి విరుద్ధము. కట్టిన సాయంత్రమే దానిని కాలితో చదును చేసి లేచెడివారము. రేపటి యిసుక రేపటి యింటికి సిద్ధముగా నుండెడిది. లోపము ప్లాస్టిక్‌లో లేదు. పటమును ఆజ్ఞగా తీసికొను మన యలవాటులో ఉన్నది. పటములను ఒక ప్రక్కకు పెట్టి, నాలుగు పెట్టెల ముక్కలను ఒక కుప్పగా పోసినచో, ఆ ప్లాస్టిక్ ఇటుకయే మరల ఇసుక యగును.

పాతకాలపు ఆటలో మరియొక లోపమును దాచరాదు. ఎద్దు మగపిల్లవానికి, పొయ్యి ఆడపిల్లకు అని పంచియిచ్చిన లోకము, మెకానోను బాలుర ఆటగాను, బొమ్మరింటిని బాలికల ఆటగాను విభజించినది. ఇసుకకుప్ప ఒక్కటే ఈ భేదము నెరుగదు. నేటి ఇటుకల పెట్టె ముందర మన అమ్మాయియు అబ్బాయియు సమానముగా కూర్చుండుచున్నారన్నచో, అది కాలము చేసిన మేలు.

అన్నిటికంటె బరువైన మాట ఒకటి చెప్పక తీరదు. మన పెద్దలు ఏ రైలుమార్గమున ఉద్యోగములకై ఇటు వచ్చిరో, ఆ మార్గముననే పశ్చిమ ఒడిశాలోని బొలాంగీరు, నువాపడా జిల్లాల కూలీలు ప్రతియేట పంటలనంతరము తెలుగుదేశపు ఇటుకబట్టీలకు పోవుచుందురు. ఛత్తీస్‌గఢ్ పల్లెలనుండియు అట్లు వలసపోవువారు కలరు. తల్లిదండ్రులు అచ్చులో మట్టి కొట్టుచుండగా, పసివారు పచ్చి ఇటుకలను ఎండకు త్రిప్పిపెట్టుట అనేకులు చూచిన దృశ్యము. పదునాలుగేండ్లలోపు పిల్లలచేత పని చేయించుట 2016నాటి చట్టసవరణచే నిషిద్ధము. ఆ బట్టీలలో కొన్నిటివద్ద ఒడియా భాషలో బోధించు బడులు నడిపిరన్న వార్త కొంత ఊరట. మనకు బాల్యస్మృతి యైన ఇటుక, ఒక బిడ్డకు బాల్యమునే అణచు బరువగుచున్నది. ఇటుకలాటను గురించి మురియువాడు ఈ సంగతిని మరచినచో ఆ మురిపెము అసంపూర్ణము.

ఆ బట్టీబడి మనకొక పాఠమును చెప్పుచున్నది. పరాయి నేలమీద కూలివాని బిడ్డకు మాతృభాషలో నాలుగు మాటలు చెప్పుట అవసరమని తలచినవారున్నారు. జీతము, ఇల్లు, పుస్తకములు కలిగిన మన యిండ్లలో తెలుగు సన్నగిల్లుచున్నది. బడిలో హిందీ, ఇంగ్లీషు. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. ఈ భాషలన్నియు రావలసినవే. కాని తెలుగు ఇంటిలో తప్ప మరియెక్కడ వచ్చును? భాషలో మొట్టమొదట వలసిన మాటలు పెద్ద మాటలు కావు. క్రింద, మీద, ప్రక్కన, నడుమ, ఎడమ, కుడి, పొడుగు, పొట్టి, ఇంకొకటి, చాలును, పడిపోయెను, మళ్లీ కట్టుదము – ఇవియే. ఇవి యన్నియు ఒక్క గంట ఇటుకలాటలో నూరుసారులు నోటికి వచ్చును. పద్యము కంఠస్థము చేయించుటకు బ్రతిమాలవలెను. ఈ మాటలకు బ్రతిమాలనక్కరలేదు. తండ్రియు తాతయు నేలమీద కూర్చుండిన చాలును. పిచ్చుకగూడు అను మాట తెలియని పిల్లవానికి ఆ మాటను నిఘంటువు చెప్పలేదు. తడియిసుకయు, పాదమును, ప్రక్కన పెద్దవారును కలిసి చెప్పవలెను.

అందుచే మన సమాజ సభ్యులకు ఒక చిన్న సూచన. కేంద్రోద్యోగులకు బదిలీ తప్పదు. బదిలీ వచ్చినపుడు పిల్లలు పెద్దయి విడిచిన ఇటుకలను అటకమీద మరచిపోవుటయో, పారవేయుటయో జరుగుచున్నది. వానిని కడిగి, సమాజము తరఫున ఒక పెద్ద కొయ్యపెట్టెలో చేర్తము. కొయ్యదిమ్మలు, ప్లాస్టిక్ ఇటుకలు, లక్కపిడతలు అన్నియు అందులో నుండవచ్చును. పటములు మాత్రము వలదు. మనము కూడిన సందర్భములందు, పెద్దలు ఉపన్యాసములు వినుచుండగా, పిల్లలు ఆ కుప్పచుట్టు కూర్చుండి తెలుగున కలహించుకొనుచు కట్టుకొందురుగాక! సంక్రాంతి కొలువులో ఒక మెట్టు వారు కట్టిన ఊరికి ఇత్తము. మన పనిమనుషుల పిల్లలకు, కాపలావారి పిల్లలకు ఆ కుప్పయొద్ద చోటు ఉండవలెను. లేనిచో అది మన ఇటుకలాట కాదు, బంగారు బండి యగును.

1958నాటి ఇటుకతో నేటి ఇటుక కూడుచున్నది, ఎవరో కొలతను శ్రద్ధగా కాపాడిరి గనుక. తాత మాటతో మనుమని మాట కూడుటకును అట్టి శ్రద్ధయే వలయును. ఆ కొలత మనచేతిలో ఉన్నది. మొదటి ఇటుక వచ్చు ఆదివారమున వేయుదము.